ఏరు దాటేదాకా తెప్ప

తల్లిపాలను గూర్చి మనవాళ్ళు చెప్పేదంతా మాహాత్మ్యమే. ముర్రుపాలు అమృతమంటారు, తల్లి ఒడి స్వర్గమంటారు. కాదనను. కానీ ఆ అమృతం ఒడిలోని బిడ్డ నోటికి అందని రోజుల గురించి ఎవరూ పెదవి విప్పరు. అది పురిటిగది తలుపుల వెనుక బాలింత ఒక్కతే మోయవలసిన అవమానంగా మిగిలిపోతుంది. అందుకే, కొంత తటపటాయించినా, ఈ టపా వ్రాస్తున్నాను.

నిపుల్ షీల్డ్ అనేది చనుమొన మీద అమర్చుకునే పల్చటి సిలికాన్ తొడుగు. ఇక్కడ చనుతొడుగు అందాం. చనుమొన చదునుగా ఉన్నా, లోపలికి ముడుచుకుని ఉన్నా, నెలలు నిండక పుట్టిన బిడ్డకు పట్టు చిక్కకపోయినా ఇది అక్కరకొస్తుంది. బిడ్డ అంగిలికి తగిలి చప్పరించే ప్రేరణ కలిగిస్తుంది. కొసనున్న చిన్న రంధ్రాల గుండా పాలు వస్తాయి.

మా అబ్బాయి పుట్టిన మూడోనాటికి రొమ్ము పట్టలేక ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నాడు. ఆసుపత్రిలో ఒక నర్సు ఈ తొడుగును నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వాడు తాగాడు. ఈసారి ఏడవడం నా వంతయింది. అయితే దాన్ని ఎన్నాళ్ళు వాడాలో, ఎలా మాన్పించాలో చెప్పినవారు లేరు. ఇంటికి వచ్చాక పెద్దలు "ఇదేం చోద్యమే, మేము పిల్లల్ని పెంచలేదూ?" అన్నారు. మరో వారానికి "నీకు పాలు చాలడం లేదు, డబ్బాపాలు పట్టు" అన్నారు. తొడుగు కూడదు, అది లేకుండా పట్టించే దారి చూపేవారు లేరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!

ఈ వస్తువును అనుమానించడానికి చరిత్రలో కారణాలు లేకపోలేదు. పూర్వం ఐరోపాలో కర్రతో, వెండితో, చివరకు సీసంతో కూడా వీటిని చేసేవారు. సీసపు తొడుగులు పసివాళ్ళకు పాలతో పాటు విషాన్నీ పట్టించాయి. తరువాత వచ్చిన దళసరి రబ్బరు తొడుగులు బిడ్డకు అందే పాలను తగ్గించాయి. నేటి పల్చటి సిలికాన్ సంగతి వేరు. 2000లో అమెరికాలో పౌలా మయర్ బృందం నెలలు నిండని 34 మంది శిశువులను పరిశీలించింది. తొడుగు లేనప్పుడు ఒక పూట సగటున 3.9 మిల్లీలీటర్లు తాగిన పిల్లలు, తొడుగుతో 18.4 మిల్లీలీటర్లు తాగారు. అంత చిన్న ప్రాణానికి ఆ తేడా చిన్నది కాదు.

అలాగని కనిపించిన ప్రతి బాలింతకూ ఇవ్వవలసిన వస్తువూ కాదు. బిడ్డను ఒడిలో సరిగా పట్టుకోవడం నేర్పితే తీరిపోయే ఇబ్బందికి తొడుగు ఇవ్వడం బద్ధకం. కొలత సరిపోకపోతే పుండు పడుతుంది. రొమ్ము సరిగా ఖాళీ కాకపోతే పాల ఊట తగ్గుతుంది. కనుక వాడినన్నాళ్ళూ ఒక కన్ను వేసి ఉంచాలి. మొదటి వారం దాటేసరికి బిడ్డ రోజుకు ఆరుసార్లైనా పక్క తడపాలి. రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. ముడుచుకున్న చనుమొనలకు వేరే ఉపాయమూ ఉంది. కొస కోసిన సిరంజితో మెల్లగా బయటకు లాగే ఆ పద్ధతిని కర్ణాటకలోని దావణగెరె వైద్యులు 1993లో ప్రకటించారు. ఖరీదు లేని విద్య, కానీ నేర్పే మనిషి కావాలి.

ఇక మాన్పించడం. ఆకలితో గుక్కపట్టిన బిడ్డ దగ్గర ఈ ప్రయత్నం చేయరాదు. తొడుగుతోనే మొదలుపెట్టి, పాలు ధారగా దిగి బిడ్డ కుదుటపడ్డాక, చటుక్కున తీసి రొమ్ము అందించాలి. నిద్రమత్తులో ఉన్న వేళ మరీ మంచిది. మిగతా సమయాల్లో బిడ్డను ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకోవాలి. తొడుగు కొసను కొంచెం కొంచెంగా కత్తిరించమనే పాత సలహా వినకండి. కోసిన సిలికాన్ అంచు బిడ్డ నోటికి గుచ్చుకుంటుంది. మావాడు ఆరో వారంలో ఒక తెల్లవారుజామున, సగం నిద్రలో, తొడుగు లేదన్న సంగతే గమనించకుండా తాగేశాడు. మర్నాడు మళ్ళీ మొండికేశాడు. పూర్తిగా మానడానికి ఇంకో పది రోజులు పట్టింది.

డబ్బాపాల ప్రకటనలను నిషేధిస్తూ మన దేశం 1992లోనే చట్టం చేసింది. మంచిదే. కానీ రాత్రి రెండింటికి బిడ్డ నోటిని రొమ్ముకు చేర్చడం చట్టం వల్ల అయ్యే పని కాదు. దానికి పక్కన కూర్చునే మనిషి కావాలి. నా అభిప్రాయం ఇంతే: చనుతొడుగు ఇచ్చే చేయి, మళ్ళీ ఎప్పుడు వచ్చి కనపడాలో కూడా చెప్పాలి. ఆ బాధ్యత తీసుకోలేనివారు ఇవ్వకూడదు. ఇక వాడుతున్న తల్లిని దెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సామెత. మనుషుల విషయంలో అది కృతఘ్నతే. ఈ తొడుగు విషయంలో మాత్రం అదే ధర్మం. అయితే నడి ఏట్లో ఉన్నదాన్ని పట్టుకుని "తెప్ప ఎందుకే నీకు?" అని ఒడ్డున నిలబడి అడగకండి. వీలైతే ఒక చేయి అందించండి.