ఫోన్ పంపితే సరిపోదు

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. మేలు లేకపోలేదు. ఇంటర్నెట్ లేని ఇంటికీ టీవీలో పాఠం చేరింది. ఫోన్‌లో వీడియో పాఠమైతే అర్థం కానిది మళ్లీ వినొచ్చు. కానీ టీవీని సందేహం అడగలేం. ఇద్దరు పిల్లలకు ఒకే ఫోన్ ఉంటే ఒకరి పాఠం పోతుంది. పాఠమని తీసుకున్న ఫోన్‌లో ఆటలాడితే చూసేదెవరు? బడిలో స్నేహితులుంటారు, మధ్యాహ్న భోజనం ఉంటుంది, మందలించే సారు ఉంటాడు.

అన్నలారా, ఓవర్‌టైం డబ్బుతో ఫోన్ కొని పంపుతున్నాం. మంచిదే. అది బడికి తోడు కావాలి గానీ బదులు కాకూడదు. సెలవు రోజు ఇంటికి మాట్లాడినప్పుడు "డబ్బులు అందాయా" అన్నాక, "ఈ వారం ఏం చదివినవు బిడ్డా" అని కూడా అడుగుదాం. మనకు అర్థం కాకపోయినా సరే. నాన్న అడుగుతాడని తెలిస్తే పుస్తకం తెరుస్తారు.