మాటామంతీ: యాభై దాటిన తోడు

మా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మొన్న తమ సెల్‌ఫోను మా చేతికిచ్చి, "ఏమయ్యా, వీటిలో ఏది మంచిది?" అన్నారు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి లేదు. మేము నవ్వలేదు.

టిండరులో ముందు ఫోటో. పద్ధెనిమిదేళ్ళవారి నుంచి అందరూ అందులోనే. అవర్‌టైము యాభై దాటినవారికే గాని, అది అమెరికావారిది. తెలుగు మాట్రిమొనీలో భాష కలుస్తుంది. అయితే అది పెళ్ళి కోసమే. హైదరాబాదులోని 'తోడు నీడ' వారు పెద్దలను ఒకచోట చేర్చి ముఖాముఖి మాట్లాడిస్తారు.

కనుక కావలసింది కబుర్లాడే తోడా, పెళ్ళా అన్నది ముందు తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛను పొందుతున్న, పిల్లలున్న వితంతువు మళ్ళీ పెళ్ళాడితే ఆమె పింఛను ఆగిపోతుంది. ఆ సంగతి అవతలివారి తరఫున మనమూ ఆలోచించాలి. ముఖమైనా చూడకముందే డబ్బడిగితే పంపరాదు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి.

"పిల్లలేమంటారో!" అన్నారాయన.

"1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం చేయించిన వీరేశలింగంగారు లోకానికి జంకలేదు గదా! పిల్లలకు మీ నోటితో మీరే ముందు చెప్పండి" అన్నాము.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "ఆదివారం అమ్మాయితో మాట్లాడతాను" అన్నారు.