కంచె లెక్క ఎకరాలతో కాదు, గెట్టు పొడవుతో

పొలానికి కంచె వేయదలచిన రైతు మొదట అడిగేది ఎకరాకు ఎంత ఖర్చవుతుందని. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వేరుశనగ, మొక్కజొన్న చేలలో పశువులు, అడవి పందులు పడుతున్నందున ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. కాని కంచె ఖర్చును తేల్చేది ఎకరాలు కావు, గెట్టు పొడవు.

నాలుగు వైపులా సమంగా ఉన్న ఎకరానికి ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు, చుట్టూ దాదాపు 835 అడుగులు వస్తాయి. 8 అడుగులకొక గుంజ పాతి, మూడు వరుసల అడ్డకర్రలు కట్టాలంటే 105 గుంజలు, 315 అడ్డకర్రలు కావాలి. అదే ఎకరం 100 అడుగుల వెడల్పుతో పొడవుగా ఉంటే చుట్టుకొలత 1,070 అడుగులు దాటుతుంది. అప్పుడు 134 గుంజలు, 402 అడ్డకర్రలు పడతాయి. భూమి అంతే ఉన్నా ఖర్చు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది.

కర్రల ధరతోనే లెక్క ముగియదు. భూమిపైన నాలుగున్నర అడుగులు నిలవాలంటే, రెండడుగులు పాతడానికి కలిపి గుంజ ఆరున్నర అడుగులుండాలి. మూలల్లో లావు గుంజలు, వాటికి ఊతకర్రలు, బండి దారికి తలుపు, కట్టు తీగ, గుంతలు తీసే కూలి, బండి కిరాయి, వంకర పోయిన వాటికి బదులు కొన్ని ఎక్కువ కర్రలు కూడా రాసుకోవాలి. పాతే భాగానికి తారు పూయకపోతే చెదలు త్వరగా తింటాయి. రాతి కడీలకు చెదల బాధ లేదు. మొదట ఖర్చు ఎక్కువైనా, దానిని నిలిచే సంవత్సరాలతో భాగించి చూస్తే ఏది చౌకో తెలుస్తుంది.

ఏ జంతువును ఆపాలో కూడా ముందే తేల్చుకోవాలి. మూడు వరుసల కర్ర ఎడ్లను, బర్రెలను ఆపుతుంది గాని పందిని ఆపదు. పందికి అడుగున దట్టంగా కంప వేయాలి, లేదా జాలి అంచును భూమిలో పూడ్చాలి.

ఇంత ఖర్చు ఒక్కరు మోయలేరనుకుంటే మార్గముంది. ఒక్కో ఎకరం గల అయిదుగురు విడివిడిగా కంచె వేస్తే 4,175 అడుగులవుతుంది. ఆ అయిదెకరాలు ఒకే చతురస్రంగా కలిసి ఉంటే చుట్టూ దాదాపు 1,870 అడుగులే. తలా ఒకరికి 375 అడుగులు కూడా పడదు. గెట్ల తగాదాలు పక్కన పెట్టి చుట్టుపక్కల రైతులు కలిస్తే సగానికి పైగా ఖర్చు తగ్గుతుంది.

ఈ లెక్క వేయకనే కొందరు చౌక అని చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. రాత్రివేళ మోటారు పెట్టడానికి వచ్చిన పక్క రైతు, ఒక్కోసారి తీగ కట్టిన రైతే దానికి బలవుతున్నారు. తీగ నుంచి కరెంటు దొంగిలించడం 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం నేరం. దానికి మనిషి ప్రాణం తోడైతే ఆ కుటుంబాలకు ఏ పంటా ఆ నష్టం పూడ్చలేదు.

వ్యవసాయ విస్తరణాధికారులు విత్తుకు ముందే రైతువేదికల్లో గెట్టు కొలతలు తీసుకుని, కలిసి వేసే కంచెలకు లెక్కలు రాసి ఇవ్వడం మంచిది. గ్రామ పంచాయతీలు చొరవ తీసుకుని ఒక్కో గుట్టు రైతులను ఒకచోట కూర్చోబెడితే పని సగం అయినట్లే.