పెట్టెలోని పద్యము

పద్యమును పెట్టెలో దాచినవాడు దానిని రక్షించినవాడు కాడు. చెదలకు నైవేద్యము పెట్టినవాడు. జగిత్యాల సీమలోని ధర్మపురి యందు, 18వ శతాబ్దివాడని చెప్పబడు శేషప్పకవి రచించిన నరసింహ శతకము తెలుగునాట ఇంటింటికి చేరినది. ఎట్లు? ఒకరు చదువగా వేఱొకరు విని, వ్రాసికొని, పిల్లలచే వల్లె వేయించుటచేత. తెలంగాణమున కవులు లేరను నింద వచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు నలుమూలలనుండి పద్యములు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికయందు 354 మంది కవులను లోకమునకు చూపిరి. పెట్టెలు తెఱవబడినందుననే ఆ నింద తొలగినది.

మఱి నేడో? 1935లో ఆంధ్రమహాసభ కూడిన సిరిసిల్లలోను, కోరుట్లలోను, జగిత్యాలలోను పెద్దలు పోయినంతనే వారి పద్యములును మిత్రుల యుత్తరములును చిత్తుకాగితములలో కలియుచున్నవి. ఉత్తరములు చూపినచో ఇంటి గుట్టు రట్టగునని కొందఱందురు. 18వ శతాబ్ది ఆంగ్లకవి పోపు మిత్రులకు తాను వ్రాసిన లేఖలను తిరిగి తెప్పించుకొని, తన కీర్తికి తగినట్లు దిద్దియైనను 1737లో అచ్చు వేయించెను. గుట్టున్నచోట మీరును గీత గీయుడు. తక్కినదానికి ప్రతి వ్రాసి గ్రంథాలయమున కిండు, మిత్రగోష్ఠిలో చదువుడు. మీరు చూపని పద్యము లేని పద్యమే. కవులు లేరను నింద రేపు మరల వచ్చినచో దానికి సాక్షులు మీరే యగుదురు.