అది స్వేచ్ఛా ఒప్పందమా?

మారిషస్‌ను ఆంగ్లేయులు న్యాయంగా పాలించారనీ, మన పూర్వులు స్వేచ్ఛగా ఒప్పందం చేసుకొని వచ్చారనీ నేటికీ కొందరు సెలవిస్తుంటారు. ఆ మాటను మేము అంగీకరించము.

1835లో ఇక్కడ బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకే దక్కింది. బానిసలకు దమ్మిడీ అందలేదు. ఆ చెరకు తోటలకే భారతదేశం నుండి కూలీలను రప్పించారు. కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవారు ఇక్కడ ‘కోరంగులు’ అయ్యారు. ఒక్కరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 చట్టంతో, ఒప్పందం ముగిసిన కూలీ సైతం ఛాయాచిత్రం గల పాసు లేకుండా తిరిగితే దేశదిమ్మరి అని పట్టుకొనేవారు. 1872లో లండన్ నియమించిన విచారణ సంఘమే ఈ అన్యాయాలను ధ్రువీకరించింది. ఇక న్యాయపాలన ఎక్కడిది?

ఓటు సైతం చాలాకాలం ఆస్తిపరులకే పరిమితం. 1947 రాజ్యాంగం మాత్రం, ద్వీపంలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి వ్రాయగలవారికి ఓటు ఇచ్చింది. ఆ భాషలలో తెలుగు ఒకటి. 1948 ఎన్నికలలో అక్షరమే అర్హత అయింది.

తమకు చదవరాని కాగితాలు మన పూర్వులను తోటలకు కట్టివేశాయి. “తెలుగు నేర్చి ఏమి లాభం?” అనే తల్లిదండ్రులారా, ఈ చరిత్రను పిల్లలకు తెలుగులోనే చదివించండి.