గురి తప్పని కిరణమే, కాని రుజువేదీ?

న్యూఢిల్లీ: కేంద్ర ప్రభుత్వోద్యోగుల, పెన్షనర్ల వైద్య వ్యయాన్ని భరించే సి.జి.హెచ్.ఎస్. భవనం ఇక్కడి ఆర్.కె. పురం సెక్టార్ 13లో ఉన్నది. ఏ చికిత్సకు ఎంత చెల్లించాలో నిర్ణయించే ఇటువంటి సంస్థలు క్యాన్సర్‌కు ప్రోటాన్ చికిత్స విషయంలో ఖరీదుతో పాటు మరొక సంగతి కూడా అడగవలసి ఉన్నది. కిరణం చేరవలసిన చోటికే చేరిందనటానికి రుజువేమిటి?

ఎక్స్‌రే కణితిని దాటి శరీరం ఆవలివైపు నుంచి వెలువడుతుంది. ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు అలా కాదు. తమ వేగాన్ని బట్టి నిర్ణీతమైన లోతున ఆగిపోతాయి, ఆగబోయే ముందు అత్యధిక శక్తిని వెదజల్లుతాయి. ఈ గుణాన్ని వైద్యానికి వాడుకోవచ్చునని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లోనే సూచించారు.

చిక్కు కూడా ఇక్కడే ఉన్నది. సి.టి. స్కాన్ ఆధారంగా కట్టే లోతు లెక్కలో సుమారు 3 శాతం తేడాకు ఆస్కారముంది. 15 సెంటీమీటర్ల లోతున అది నాలుగైదు మిల్లీమీటర్లవుతుంది. వారాల తరబడి సాగే చికిత్సలో రోగి చిక్కిపోయినా, ముక్కు పక్క గదుల్లో ద్రవం చేరినా తేడా ఇంకా పెరుగుతుంది. కణితి వెన్నుపాము పక్కనే ఉంటే ఆ కొద్దిపాటి దూరమే రోగి కాళ్లకు ముప్పు కావచ్చు. అందుకని వైద్యులు కణితి చుట్టూ కొంత ఆరోగ్యకరమైన కణజాలాన్ని కూడా కలుపుకొని కిరణాలు పంపుతారు. ఏ ప్రయోజనం కోసం ఇంత ఖర్చు చేస్తున్నారో అందులో కొంత ఆ విధంగా వదులుకోవలసి వస్తున్నది.

చికిత్స జరుగుతుండగానే కిరణాన్ని కనిపెట్టే మార్గాలు లేకపోలేదు. అయాన్ల తాకిడికి దేహంలో కార్బన్-11, ఆక్సిజన్-15 వంటి స్వల్పాయుష్షు గల కేంద్రకాలు పుడతాయి. వాటి జాడను పెట్ కెమెరా పట్టుకుంటుంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1997 నుంచి 2008 వరకు కార్బన్ చికిత్స పొందిన రోగులపై ఈ పద్ధతి అమలైంది. కాని ఆక్సిజన్-15 రెండు నిమిషాలలో సగానికి తరుగుతుంది, మిగిలినదానిని రక్తప్రవాహం చెదరగొడుతుంది. తాకిడి క్షణంలోనే వెలువడే గామా కిరణాలను పట్టే కెమెరాకు ఈ బెడద లేదు. డ్రెస్డెన్‌లో 2015లో దానిని తొలిసారి రోగి చికిత్సలో వినియోగించారు. అయినా ప్రపంచంలో అత్యధిక కేంద్రాలలో ఇది దైనందిన ఏర్పాటు కాలేదు.

మనదేశంలో ప్రోటాన్ చికిత్స చెన్నైలో 2019లోను, నవీ ముంబయిలో 2023లోను ఆరంభమైంది. చెన్నై కేంద్రాన్ని నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ప్రభుత్వ ధనంతో ఇకపై కేంద్రాలు నెలకొల్పేవారు టెండరు దశలోనే పర్యవేక్షక పరికరానికి చోటు కేటాయించటం మంచిది. గోడలు లేచి, యంత్రం బిగించాక కెమెరాకు జాగా వెదకటం తేలిక కాదు.