చేపల వాన ఎందుకు కురిసింది?

సంపాదకులకు,

హరుకి మురకామి నవల ‘కాఫ్కా ఆన్ ది షోర్’ మీద మీరు వేసిన లేఖల్లో ఫిర్యాదు ఒక్కటే: ఆకాశం నుంచి చేపలు రాలతాయి, ముసలి నకాటా పిల్లులతో మాట్లాడతాడు, ఎందుకో మాత్రం రచయిత చెప్పడు. ఈ కోపం కొత్తది కాదు. 2002లో జపాన్‌లో పుస్తకం రాగానే పాఠకులు ప్రచురణకర్తలకు వేల ప్రశ్నలు పంపారు. రచయిత వెయ్యికి పైగా జవాబులిచ్చాడు. అయినా చిక్కుముడులు అలాగే ఉన్నాయి. కాశీమజిలీ కథల్లో గొల్లవాడు అడగడం, మణిసిద్ధుడు విప్పడం అలవాటైన మనకు ఇది మోసంలాగే తోస్తుంది.

కానీ నవల తన నియమాన్ని మొదట్లోనే చెప్పేసింది. 1944లో యమనాషి కొండల్లో బడిపిల్లలు స్పృహ తప్పడంపై అమెరికన్ సైన్యం విచారణ పత్రాలు అందులో పేజీలకు పేజీలున్నాయి. సాక్షులున్నారు, వైద్యులున్నారు, కారణం మాత్రం తేలదు. ఇక్కడ కాగితాలు రహస్యాన్ని ఛేదించవని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ‘ఇది బద్ధకానికి ముసుగు’ అనవచ్చు. కల్నల్ సాండర్స్ అనే పాత్ర వచ్చే ఘట్టాల వరకు ఒప్పుకుంటాను, అవి సాగాయి. కథలో తెరిచి మూసే ప్రవేశ శిల సంగతి వేరు. అదేమిటో తెలియకపోయినా, దాన్ని తెరిస్తే ఏమవుతుందో, లారీ డ్రైవర్ హోషినో ఎందుకు మూయాలో తెలుస్తుంది. పదిహేనేళ్ల కథానాయకుడు కాఫ్కా ఇల్లు విడిచినందుకు ఫలితమూ దక్కింది: తల్లిలాంటి సయెకీని క్షమించి, టోక్యోకు తిరుగు రైలెక్కాడు. అన్వేషణ పూర్తయింది, మిగిలింది చేపల లెక్కే.

– ఒక పాఠకుడు